మొదటి ఆర్డర్లు ఆగిపోయాక: ఇంటి నుంచి సౌందర్య సాధనాలు అమ్మేవారికి

మీరు రాసిన దానిలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. సౌందర్య సాధనాల సంస్థ ఒకదానికి ప్రతినిధిగా చేరి మూడు నెలలైందనీ, మొదటి నెలలో బంధువులూ స్నేహితులూ ఉత్సాహంగా కొన్నారనీ, తర్వాత ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయనీ, కొత్తవారిని ఎక్కడ వెతుక్కోవాలో తెలియడం లేదనీ రాశారు. మిమ్మల్ని చేర్పించిన ఆవిడ ఈ నెలాఖరులోగా సొంత డబ్బుతో సరుకు కొని పై స్థాయికి చేరమంటున్నారు, కొనవచ్చా అన్నది రెండో ప్రశ్న. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో రెండో ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: కొనకండి. కారణాలు చివర్లో వివరిస్తాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే మీరు కొత్తవారి కోసం వెతకవలసిన సమయం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

మొదటి నెలలో వచ్చిన ఆర్డర్లు మీ మీద అభిమానంతో వచ్చినవి. మీ పిన్నిగారు ఒక క్రీము కొన్నారంటే మీ చేతిలో కేటలాగు చూసి కాదనలేక కొని ఉండవచ్చు. అదే పిన్నిగారు ఆ క్రీము అయిపోయిన రోజున తనంతట తాను ఫోను చేసి మరొకటి తెప్పించమని అడిగితే, మీ వ్యాపారం ఆ రోజు మొదలైనట్టు. మొదటి ఆర్డరు కోసం మీరు శాంపిళ్లు ఇస్తారు, వెళ్లి గంటసేపు కూర్చుని మాట్లాడతారు, మళ్లీ సరుకు అందించడానికి వెళతారు. ఇదంతా లెక్క వేస్తే ఆ అమ్మకంలో మీకు మిగిలేది చాలా తక్కువ. రెండో ఆర్డరుకు రెండు నిమిషాల ఫోను సరిపోతుంది. అందువల్ల ఇప్పటికే కొన్న పదిహేను ఇరవై మంది మళ్లీ ఎందుకు అడగలేదో తెలుసుకోకుండా మరో ఇరవై మందిని వెతికితే, మూడు నెలల తర్వాత మీరు సరిగ్గా ఇదే ప్రశ్నతో ఇదే చోట నిలబడతారు.

దీనికి కావలసిన మొదటి పనిముట్టు ఒక నోటు పుస్తకం. కొన్నవారిలో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించి, పేరు, ఫోను నంబరు, ఏ వేళలో ఫోను చేస్తే వారికి వీలు, చర్మం పొడిదా జిడ్డుదా సున్నితమైనదా, ఏవైనా పడని పదార్థాలు ఉన్నాయా, ఏ షేడు ఏ నంబరు వాడుతున్నారు, ఏ తేదీన ఎంత పరిమాణం గల వస్తువు కొన్నారు అన్నవి రాయండి. వీటన్నిటి పక్కన మరొక తేదీ కూడా రాయాలి, దాన్నే చాలామంది రాయరు: ఆ వస్తువు ఎప్పటికి అయిపోతుంది? సన్‌స్క్రీన్‌నే తీసుకోండి. డబ్బా మీద ఉండే, ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ఆ లెక్కన ముఖానికీ మెడకూ కలిపి ఒకసారికి ఒకటింబావు గ్రాము వరకు కావాలి. చూపుడు వేలి పొడవునా ఒక గీత, నడిమి వేలి పొడవునా ఒక గీత తీసుకుంటే దాదాపు అంత వస్తుంది. అంటే 50 గ్రాముల ట్యూబు రోజుకు ఒకసారి వాడితే 40 రోజులకు అయిపోవాలి. మూడు నెలల తర్వాత కూడా ట్యూబు సగం నిండుగా ఉందంటే ఆవిడ చాలా తక్కువగా రాసుకుంటున్నారు, లేదా అది ఆవిడకు నచ్చలేదు. తక్కువగా రాసుకుంటున్నవారికి ఎంత రాయాలో చూపించాలి. నచ్చనివారికి మరొక రకం ఇవ్వాలి. ఏదైనా సరే, ఆ విషయం మీకు తెలిసి తీరాలి.

ఇదే లెక్క ఫేస్‌వాష్‌కీ మాయిశ్చరైజర్‌కీ కట్టండి. లిప్‌స్టిక్ విషయంలో మాత్రం లెక్క వేరు. ఒక లిప్‌స్టిక్‌లో ఉండేది సుమారు మూడున్నర గ్రాములే అయినా అది నెలల తరబడి వస్తుంది, పైగా మనుషులు ఒకే రంగు మళ్లీ కొనడం తక్కువ. కేటలాగు తెరిపించేది లిప్‌స్టిక్కే, కాదనను. కానీ ప్రతి రెండు నెలలకూ ఆర్డరు తెచ్చేవి రోజూ పొద్దున్నే వాడి ఖర్చు చేసే వస్తువులు. కొత్త ప్రతినిధులు రంగులు చూపించడంలో ఆనందపడి ఈ సాదా వస్తువుల గురించి మాట్లాడరు, అక్కడే నష్టపోతారు.

సరుకు ఇచ్చిన తర్వాత ఎప్పుడు పలకరించాలన్న దానికి ఈ వృత్తిలో పాతవారు పాటించే ఒక లెక్క ఉంది: రెండు రోజులు, రెండు వారాలు, రెండు నెలలు. రెండో రోజు ఫోనులో మీరు అడగవలసింది వాడడం మొదలుపెట్టారా, ఏ వరుసలో రాసుకుంటున్నారు అన్నది మాత్రమే. నా అనుభవంలో కొత్తగా కొన్నవారిలో చాలామంది డబ్బా మూత కూడా తీయరు. అలమరలో ఉన్న వస్తువు అయిపోదు కనుక రెండో ఆర్డరు ఎన్నటికీ రాదు. రెండు వారాలకు చర్మానికి పడిందా, మంట, దురద, మొటిమల వంటివి వచ్చాయా అని అడగాలి. రెండు నెలలప్పుడు అయిపోవస్తోందేమో అడగాలి. మొదటి రెండు ఫోన్లలో కొత్త వస్తువు పేరు ఎత్తకండి. మీ ఫోను వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కొనవలసి వస్తుందని ఒక మనిషికి అనిపించిందంటే ఆవిడ మీ నంబరు చూసి ఫోను తీయడం మానేస్తారు, అప్పుడు ఆమె చర్మానికి నిజంగా ఉపయోగపడేది మీ దగ్గర ఉన్నా చెప్పే దారి ఉండదు.

ఇక మీరు అమ్మేదాని గురించి మీకు తెలిసి ఉండాల్సిన సంగతులు. మీ దగ్గర కొనేవారు దుకాణంలోనూ ఇంటర్‌నెట్‌లోనూ అవే రకం వస్తువులు, ఒక్కోసారి తక్కువ ధరకే కొనగలరు. మీ సంస్థే తన వెబ్‌సైటులో తగ్గింపు ఇచ్చి అమ్మవచ్చు. ధరలో వాటితో మీరు పోటీ పడలేరు, పడకూడదు. ఎదురుగా కూర్చుని ముఖం చూసి సరైనది ఎంచి ఇవ్వడం మీరు చేయగలరు, అవి చేయలేవు. ఫౌండేషన్ షేడు చూసేటప్పుడు ముంజేతి మీద రాసి చూపించకండి, చేతి రంగూ ముఖం రంగూ ఒకటి కావు. దవడ అంచున మూడు దగ్గరి షేడ్లను పక్కపక్కన చిన్న గీతలుగా రాసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ఏది చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతే అది సరైనది. అది కూడా రాసిన వెంటనే తేల్చకుండా పది నిమిషాలు ఆగండి, ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక, చర్మపు జిడ్డుతో కలిశాక కొంచెం ముదురుతాయి. షేడు తప్పిన ఫౌండేషన్ తిరిగి వచ్చే సరుకుగా మారుతుంది, లేదా అంతకంటే చెడ్డగా, ఏమీ చెప్పకుండా దూరమయ్యే మనిషిగా మారుతుంది.

చర్మానికి రాసే కొత్త వస్తువు ఏదైనా ముందు పరీక్షించమని చెప్పండి. మోచేతి మడతలో ఒక నాణెమంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడమని చర్మవైద్యులు సలహా ఇస్తారు. అంత ఓపిక అందరికీ ఉండదు కానీ, సున్నితమైన చర్మం ఉన్నవారికి మాత్రం శాంపిల్ ఇచ్చి ఆ పరీక్ష అయ్యేదాకా డబ్బాను అమ్మకండి. ఒక ఆర్డరు వారం ఆలస్యమవుతుంది, మీ మాట మీద నమ్మకం మాత్రం ఏళ్ల పాటు నిలుస్తుంది. వాసన పడనివారికి 'వాసన లేనిది' అని రాసి ఉన్నంత మాత్రాన ఇవ్వకూడదు. సహజమైన వాసనను కప్పడానికి వేరే పరిమళం కలిపినవాటి మీద కూడా అలా రాస్తారు కనుక, పరిమళ ద్రవ్యాలు అసలు కలపలేదని స్పష్టంగా ఉన్నదే చూడాలి. విటమిన్ ఏ రకానికి చెందిన రెటినాల్ ఉన్న సీరంలను గర్భిణులకు అమ్మవద్దు. అడిగితే డాక్టరుగారిని సంప్రదించమనండి. రెటినాల్, చర్మం పైపొరను తొలగించే గ్లైకాలిక్ ఆమ్లం వంటివి కొన్నవారికి పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి అని చెప్పడం అదనపు అమ్మకం కోసం చేసే పని కాదు, అవి వాడే చర్మానికి ఎండ ఎక్కువగా తగులుతుంది కనుక ఆ సంగతి చెప్పి తీరాలి.

చెప్పకూడని మాటలు కూడా ఉన్నాయి. సౌందర్య సాధనం జబ్బును నయం చేయదు. తామర పోతుంది, మంగు పూర్తిగా మాయమవుతుంది, వారంలో రంగు మారుతుంది వంటి మాటలు కేటలాగులో లేకపోతే మీ నోట రాకూడదు. కేటలాగులో ఉన్నా నేనైతే అనను. ముఖ్యంగా రంగు తేల్చే క్రీముల విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం. ఇటువంటి క్రీముల్లో పాదరసం కలిపే దురలవాటు చాలా దేశాల్లో ఉంది. పాదరసంపై 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం ప్రకారం పది లక్షల పాళ్లలో ఒక పాలు కంటే ఎక్కువ పాదరసం ఉన్న సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతులకు 2020తో గడువు ముగిసింది. పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు లేని డబ్బాలను ఎవరు ఎంత లాభం చూపించి ఇచ్చినా మీ సంచిలో పెట్టుకోకండి.

శాంపిళ్లు ఎలా ఇవ్వాలో కూడా చెబుతాను. ఈ వృత్తి పుట్టుకే శాంపిల్‌తో ముడిపడి ఉంది. అమెరికాలో డేవిడ్ మెక్‌కానెల్ అనే ఆయన ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్ముతూ, ఇంటివారు తలుపు తీసి మాట వినడం కోసం చిన్న సీసాల్లో అత్తరు ఉచితంగా ఇచ్చేవారు. పుస్తకాల కంటే అత్తరునే ఆడవారు ఇష్టపడుతున్నారని గమనించి 1886లో కాలిఫోర్నియా పెర్ఫ్యూమ్ కంపెనీని ప్రారంభించారు. తర్వాతి కాలంలో ఏవన్ అయింది అదే. ఆ సంస్థకు మొదటి ప్రతినిధి శ్రీమతి ఆల్బీ అనే మహిళ. నేను శాంపిళ్లను పంచను, అడిగి ఇస్తాను: మీకు ఫలానా సమస్య ఉందన్నారు కనుక ఇది మూడు రాత్రులు వాడండి, శుక్రవారం ఫోను చేసి ఎలా ఉందో అడుగుతాను అని చెప్పి ఇస్తాను. ఏ రోజు అడుగుతారో చెప్పకుండా ఇచ్చిన శాంపిల్ సొరుగులో ఎండిపోతుంది.

రంగులు చూపించేటప్పుడు శుభ్రత విషయంలో రాజీ పడవద్దు. లిప్‌స్టిక్‌ను నేరుగా ఎవరి పెదవులకూ తగలనివ్వకండి. శుభ్రమైన చిన్న గరిటెతో కొద్దిగా గీసి, ఒకసారి వాడి పారేసే కుంచెతో వేయండి. మస్కారా కుంచెను ఇద్దరి కళ్లకు వాడడం కంటి జబ్బును ఒకరి నుంచి మరొకరికి మోసుకుపోవడమే. క్రీము డబ్బాలో వేలు ముంచనివ్వకండి. డబ్బా మీద మూత తెరిచిన గిన్నె బొమ్మ, దానిలో 6ఎమ్ లేదా 12ఎమ్ అనే గుర్తు ఉంటుంది. తెరిచాక అన్ని నెలల లోపు వాడాలని దాని అర్థం. మీరు చూపించే డబ్బాల మీద తెరిచిన తేదీని చిన్న చీటీ మీద రాసి అంటించండి. ఇది చూసినవారు ఏమీ అనరు గానీ గమనిస్తారు.

కొత్తవారి సంగతికి ఇప్పుడు వద్దాం. రెండోసారి కొన్న మనిషి మీకు కొత్తవారిని చూపించే దారి. ఆవిడ ఇంట్లో అయిదారుగురు స్నేహితులతో ఒక గంట కూర్చునే ఏర్పాటు చేయమని అడగండి. ఆరుగురికి మించితే మీరు ఒక్కొక్కరి ముఖం చూడలేరు, అది ఉపన్యాసంగా మారిపోతుంది. ఆ గంటకు ఒకే విషయం పెట్టుకోండి: ముఖం కడగడం నుంచి సన్‌స్క్రీన్ వరకు పొద్దుటి వరుస, లేదా అయిదు నిమిషాల్లో ఆఫీసుకు తయారవడం. వారి ముఖాలకు వారి చేతులతోనే రాయించండి. ఆర్డర్లు అందరి ముందూ అడగకండి, ఒకరు కొన్నారని మరొకరు మొహమాటానికి కొన్నది మళ్లీ ఆ మొదటి నెల ఆర్డరు వంటిదే అవుతుంది. ఒక్కొక్కరితో పక్కన కూర్చుని నోటు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి మాట్లాడండి. ఇంట్లో చోటిచ్చిన ఆవిడకు ముందే చెప్పిన బహుమతి ఆ రోజే ఇవ్వండి.

వాట్సాప్ విషయంలో నా సలహా క్లుప్తమైనది. అనుమతి అడగకుండా ఎవరినీ గ్రూపులో చేర్చకండి. సంస్థ పంపే ప్రకటన చిత్రాలను రోజూ స్టేటస్‌లో పెడితే ఎవరూ చూడరు; మీరు స్వయంగా వాడిన వస్తువు, దాని తడి మెరుపు, మీ చేతి మీద దాని రంగు చూపించే చిన్న వీడియో వారానికి ఒకటి చాలు. వేరొకరి ముఖం ఫొటోను వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

మరొక మాట. కేటలాగుల్లో కనబడే ముఖాలన్నీ పడుచువారివే కావడంతో ప్రతినిధులు అరవై దాటినవారి దగ్గరికి వెళ్లరు. పొడిబారిన చేతులు, పగిలిన మడమలు, చిన్న అక్షరాలు చదవలేని కళ్లు ఉన్న ఆ పెద్దవారికి మీ సేవ అందరికంటే ఎక్కువ అవసరం. డబ్బా మీద పొద్దున, రాత్రి అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి అంటించి ఇవ్వండి. నా దగ్గర పదేళ్లుగా మానకుండా కొంటున్నవారిలో ఎక్కువమంది ఆ వయసువారే, వారితో గడిపిన సమయమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి మీరిచ్చినది పడదు. ముఖం ఎర్రబడిందని ఫోను వస్తే మొదట వాడడం ఆపి చల్లటి నీళ్లతో కడుక్కోమనండి. వాపు, ఊపిరి ఇబ్బంది ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లమనండి. ఇంకెవరికీ ఇలా కాలేదే అని మాత్రం అనకండి. సీసా పారేయవద్దని చెప్పి బ్యాచ్ నంబరు రాసుకుని సంస్థకు తెలియజేయండి. సంస్థ డబ్బు తిరిగి ఇచ్చేదాకా ఆగకుండా ముందు మీరే తిరిగి ఇచ్చేయండి.

డబ్బు లెక్క చిన్నదే కానీ చాలామంది తప్పుతారు. 100 విలువ గల వస్తువు మీకు 25 శాతం తగ్గింపుతో 75కు వస్తుందనుకుందాం. స్నేహం కొద్దీ మీరు 10 శాతం తగ్గించి 90కి ఇస్తే, మీరు వదులుకున్నది మీ లాభంలో 40 శాతం. మిగిలిన 15 లోంచి కేటలాగులు, శాంపిళ్లు, ప్రయాణం, సంచుల ఖర్చు పోవాలి. అందుకే ధర తగ్గించకుండా, ఇవ్వాలనిపిస్తే ఒక శాంపిల్ అదనంగా ఇవ్వండి. అరువు ఇవ్వకండి; బాకీ ఉన్న మనిషి మీకు ఎదురుపడడానికి ఇబ్బందిపడి ఆర్డరు ఇవ్వడమే మానేస్తారు. ఇంటి ఖర్చు డబ్బుతో కలవకుండా ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి.

ఇప్పుడు సరుకు కొని స్థాయి పెంచుకునే విషయం. రెండో ఏడాదిలో నేనూ అదే చేశాను. నెలాఖరుకు ఒక అంకె చేరితే వచ్చే హోదా కోసం రెండు పెట్టెల క్రీములూ లిప్‌స్టిక్‌లూ నా పొదుపు డబ్బుతో కొన్నాను. వాటిలో సగం అమ్మడానికి ఏడాది పట్టింది, మిగిలినవి గడువు తేదీ దాటిపోయాయి, వేడికి కొన్ని లిప్‌స్టిక్‌ల మీద నూనె చెమ్మ తేలింది, విటమిన్ సీ సీరంలు గోధుమ రంగుకు తిరిగాయి. హోదా తర్వాతి నెలకే పోయింది, ఎందుకంటే దాన్ని నిలుపుకోవాలంటే మళ్లీ అంతే కొనాలి. ఆ రోజుల్లో నా భర్తకు ఆ సంగతి చెప్పలేక పెట్టెలను మంచం కింద దాచాను; మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. అమెరికాలో వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో తీర్పు చెప్పిన కాస్కాట్ అనే సంస్థ అమ్మింది కూడా సౌందర్య సాధనాలే. డబ్బు కట్టి చేరినవారికి వస్తువులు వాడేవారికి అమ్మినందుకు కాక, ఇతరులను చేర్చినందుకు ప్రతిఫలం వస్తే అది పిరమిడ్ పథకమని ఆ కేసులో తేల్చారు. 1979లో, ప్రతినిధుల ద్వారా సరుకు అమ్మే ఆమ్వే అనే సంస్థ కేసులో అదే కమిషన్ ఆ సంస్థది పిరమిడ్ కాదన్నప్పుడు పరిగణించిన నియమాలు కూడా చూడండి: కొన్న సరుకులో కనీసం 70 శాతం ఆ నెలలో అమ్మి ఉండాలి, నెలకు కనీసం పదిమంది వినియోగదారులకు అమ్మిన రుజువు చూపాలి, మిగిలిన, అమ్మదగ్గ సరుకును సంస్థ గానీ చేర్పించినవారు గానీ వెనక్కి కొనాలి. మీకు సలహా ఇస్తున్న ఆవిడను ఈ మూడింటి గురించి మర్యాదగానే అడగండి. ఇలా ప్రతినిధుల ద్వారా అమ్మే ప్రత్యక్ష విక్రయ సంస్థల ప్రపంచ సమాఖ్య నియమావళిలో, మానుకునే ప్రతినిధి దగ్గర అమ్మదగ్గ స్థితిలో ఉన్న, 12 నెలల లోపు కొన్న సరుకును పది శాతానికి మించని ఖర్చు మినహాయించి వెనక్కి తీసుకోవాలని ఉంది. మీరు సంతకం చేసిన ఒప్పందంలో ఆ వాక్యం ఉందో లేదో ఈ రాత్రే చదవండి. లేకపోతే ఆర్డరు చేతికి రాకుండా ఒక్క డబ్బా కూడా తెప్పించకండి. ఆ వాక్యం ఉన్నా, మీ దగ్గర ఉంచుకోదగినవి మళ్లీ మళ్లీ అడిగే ఏడెనిమిది రకాలు మాత్రమే, అవి కూడా రెండేసి చొప్పున.

మొదటి నెలలో కొన్నవారి పేర్లు, కొన్న తేదీలు మీ బిల్లుల్లో ఉంటాయి. వాటిని ముందు పెట్టుకుని ఒక్కొక్కరికి ఒక పేజీ రాసి, ఏది ఎప్పటికి అయిపోయి ఉండాలో లెక్కకట్టండి. తర్వాత రోజుకు ముగ్గురి చొప్పున ఫోను చేసి, ఏమీ అమ్మకుండా, అది ఎలా పనిచేసిందో అడిగి వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఎవరు ఏమన్నారో నాకు రాస్తే, ఒక్కొక్కరి విషయంలో ఏం చేయవచ్చో చెబుతాను.